బ్రిస్బేన్ నగరము: ఒక టోపీ, ఒక టీకా, ఒక సంతకము

ఆస్ట్రేలియా తూర్పు తీరములో, క్వీన్స్‌లాండ్ రాష్ట్రమునకు రాజధానియైన బ్రిస్బేన్ నగరము భూమధ్యరేఖకు దక్షిణముగా సుమారు 27.5 డిగ్రీల అక్షాంశము వద్ద ఉంది. భూమధ్యరేఖకు ఉత్తరముగా ఇంచుమించు అంతే దూరములో మన జయపురము, ఢిల్లీ ఉన్నాయి. ఆ పోలికను మనస్సులో పెట్టుకొని వెళ్ళినవారికి అక్కడి ఎండ వింతగా తోస్తుంది. ఉష్ణమాపకము 30 డిగ్రీలే చూపుతుంది. మే నెలలో విజయవాడలో తిరిగినవారికి అది ఒక ఎండగానే అనిపించదు. కాని మధ్యాహ్నము అరగంటసేపు నడిస్తే మెడ మీది చర్మము చురచురలాడుతుంది. వేడిమి వేరు, అతినీలలోహిత కిరణముల తీవ్రత వేరు. దక్షిణార్ధగోళమునకు వేసవి వచ్చే జనవరి మాసములోనే భూమి సూర్యునికి మిక్కిలి దగ్గరగా ఉంటుంది. గాలిలో ధూళి, పొగ తక్కువ. ఓజోను పొర కొంత పలుచన. అందువలన అక్కడి వేసవిలో అతినీలలోహిత సూచిక 11 దాటడము సాధారణము. శీతకాలములో సైతము మధ్యాహ్నవేళ అది 3కు తగ్గదు. సూచిక 3 చేరినప్పటి నుండి చర్మమునకు రక్షణ అవసరమని వైద్యుల సలహా.

గత ఫిబ్రవరిలో నేను, నా అర్ధాంగి మా అబ్బాయి కుటుంబముతో ఐదు వారములు ఆ నగరములో గడిపాము. చూడదగినవన్నీ చూశాము. ఈ వ్యాసములో చెప్పదలచినది మాత్రము యాత్రా విశేషముల కంటె ఆ ఊరిలో రోగనివారణ నిత్యజీవితములో ఏ విధముగా కలిసిపోయిందో, దానికి మన ఖమ్మం జిల్లాతో ఏ విధమైన సంబంధము ఏర్పడిందో ఆ సంగతి.

ముందుగా నగరమును గుఱించి నాలుగు మాటలు. బ్రిస్బేన్ నది ఊరి నడుమ పాము వలె మెలికలు తిరుగుతుంది. ఆ నదిపై సిటీక్యాట్ అనే ప్రయాణపు పడవలు తిరుగుతాయి. పడవ గాని, బస్సు గాని, రైలు గాని, ఎంత దూరమైనా టిక్కెట్టు అర డాలరే. 2024 ఆగస్టు నుండి ఆ ప్రభుత్వము ఈ ధర అమలు చేసింది. 1940లో ప్రారంభమైన స్టోరీ వంతెన రాత్రివేళ దీపములతో చూడముచ్చటగా ఉంటుంది. 1988లో జరిగిన ప్రపంచ ప్రదర్శన స్థలమును ఆ తరువాత సౌత్ బ్యాంక్ ఉద్యానవనముగా మలచారు. కాగితపు పూల తీగలు అల్లుకొన్న పొడవైన నడకదారి, ఆ ప్రదర్శన నాటి నేపాల్ శాంతి మందిరము, ఊరి నడుమనే ఇసుక పోసి కట్టిన కృత్రిమ సముద్రతీరము అక్కడ ఉన్నాయి. 1927 నుండి నడుస్తున్న లోన్ పైన్ వనములో కోఆలాలను చూశాము. వాటిని ఎత్తుకొని ఛాయాచిత్రము తీయించుకొనే పద్ధతిని అక్కడ 2024లో మానివేశారు. యూకలిప్టస్ కొమ్మపై నిద్రపోయే ఆ ప్రాణులను దూరము నుండి చూచినా తృప్తిగానే ఉంది.

పెద్ద వయస్సులో ఇటువంటి ప్రయాణములు చేసేవారికి కొన్ని సూచనలు. మన దేశము నుండి బ్రిస్బేన్ చేరడానికి మధ్యలో విమానము మారుతూ ఇంచుమించు ఒక రోజు పడుతుంది. గంటల తరబడి కదలక కూర్చుంటే కాలి సిరలలో రక్తము గడ్డకట్టే ప్రమాదము ఉంది. గంట, రెండు గంటలకొకసారి లేచి నడవాలి. కూర్చున్నప్పుడు కూడా పాదములను పైకి, క్రిందికి ఆడిస్తూ ఉండాలి. నిత్యము వాడే మందులను అసలు పెట్టెలతోనే, వైద్యుని చీటీతో సహా చేతిసంచిలో పెట్టుకోవాలి. ఆస్ట్రేలియాలో ఆహార పదార్థముల తనిఖీ కఠినము. ఆవకాయ గాని, పొడులు గాని, స్వీట్లు గాని తీసికొని వెళ్తే ఆగమన పత్రములో తప్పక తెలుపాలి. తెలిపితే చిక్కులేదు, మహా అయితే ఆ వస్తువును తీసివేస్తారు. తెలుపకపోతే జరిమానా పడుతుంది. రక్తపుపోటుకు వాడే హైడ్రోక్లోరోథయజైడు, గుండె లయకు వాడే అమియోడరోను, సూక్ష్మజీవులపై వాడే డాక్సీసైక్లిను వంటి మందులు చర్మమును ఎండకు మఱింత సున్నితము చేస్తాయి. అవి వాడేవారు అక్కడ మధ్యాహ్నపు విహారములు తగ్గించుకోవడము మేలు.

ఇక టోపీ సంగతి. మేము వెళ్ళిన మఱునాడే మా మనుమరాలు బడికి బయలుదేరుతూ టోపీ వెతుక్కొని కంగారు పడింది. టోపీ లేని పిల్లలను ఆటస్థలములోనికి పోనివ్వరు, నీడలోనే కూర్చోపెడతారు. ఇది అక్కడి బడులలో పాతబడిన నియమము. ఆటస్థలములపై నీడ కొఱకు గుడారపు తెరలు కడతారు. వాతావరణ వార్తలలో వానతో పాటు అతినీలలోహిత సూచిక కూడా చెబుతారు. చొక్కా తొడుక్కో, సన్‌స్క్రీను పూసుకో, టోపీ పెట్టుకో అని బోధించే ప్రచారము ఆ దేశములో 1981లో మొదలైంది. నీడ వెతుక్కో, నల్లకళ్ళద్దములు పెట్టుకో అనే రెండు మాటలు తరువాత చేరాయి. 40 సంవత్సరములకు పైగా చెప్పగా, చెప్పగా అది ఇప్పుడు ఆరోగ్యబోధగా కాక మర్యాదగా మారిపోయింది.

ఆ అవసరము ఊరకే రాలేదు. 70 ఏళ్ళు వచ్చేలోగా ఆస్ట్రేలియావాసులలో ముగ్గురిలో ఇద్దరికి ఏదో ఒక రకము చర్మపు క్యాన్సరు కనిపిస్తుందని అంచనా. అందులో ప్రమాదకరమైన మెలనోమా క్వీన్స్‌లాండ్‌లో మిక్కిలి ఎక్కువ. బ్రిస్బేన్‌కు ఉత్తరముగా సుమారు 100 కిలోమీటర్ల దూరములో నాంబూర్ అనే చిన్న ఊరు ఉంది. 1992లో ఆ ఊరివారు 1,600 మందికి పైగా ఒక పరిశోధనలో చేరారు. కొందరు ప్రతిదినము సన్‌స్క్రీను పూసుకొన్నారు. తక్కినవారు తమ ఇష్టప్రకారము ఉన్నారు. నాలుగున్నర ఏళ్ళకు ప్రతిదినము పూసుకొన్నవారిలో స్క్వేమస్ కణముల క్యాన్సరులు సుమారు 40 శాతము తగ్గాయి. మఱి పదేళ్ళు గమనిస్తే మెలనోమాలు కూడా సగానికి తగ్గినట్లు తేలింది. ఒక చిన్న ఊరి ప్రజలు ఓపికగా సహకరించినందువలన లోకమునకు అందిన జ్ఞానమిది.

నల్లని మేనిఛాయ గల మనకు ఇదంతా ఎందుకని పాఠకులు అడుగవచ్చును. మెలనిను అనే వర్ణద్రవ్యము మనలను చాలవఱకు కాపాడుతుంది. చర్మపు క్యాన్సరు ముప్పు మనకు తెల్లవారి కంటె బాగా తక్కువ. అక్కడ స్థిరపడిన మనవారిలో విటమిను డి లోపమే ఎక్కువగా కనిపించే సమస్య. కాని ముప్పు తక్కువ అంటే లేదని కాదు. మనవంటివారిలో మెలనోమా అరికాలిలో, అరచేతిలో, గోరు క్రింద కూడా పుట్టగలదు. ఎండ పడని చోటు కదా అని ఉపేక్షిస్తారు, అందువలన ఆలస్యముగా బయటపడుతుంది. కంటి శుక్లములకు, కంటిలో పెరిగే కండకు మేనిఛాయతో పని లేదు. కనుక టోపీ, నల్లకళ్ళద్దములు మనకూ కావాలి.

టోపీ కంటికి కనిపించే రక్షణ. ఆ నగరమే లోకమునకు ఇచ్చిన మఱొక రక్షణ కంటికి కనిపించదు.

వూలన్‌గాబా అనే పేట పేరు చెబితే మనవారికి గాబా క్రికెట్ మైదానము గుర్తుకు వస్తుంది. 1988 తరువాత ఆ మైదానములో టెస్టు మ్యాచి ఓడని ఆస్ట్రేలియా జట్టు 2021 జనవరి 19న మన జట్టు చేతిలో ఓడిపోయింది. రెండవ ఇన్నింగ్సులో మన హైదరాబాదు యువకుడు మహమ్మద్ సిరాజ్ ఐదు వికెట్లు తీశాడు. ఆ మైదానము ముందు నిలబడి తెలుగువారు ఛాయాచిత్రములు తీసికొంటూ ఉంటారు. మేమూ తీసికొన్నాము. ఆ పేటలోనే ప్రిన్సెస్ అలెగ్జాండ్రా ఆసుపత్రి ఉంది. దాని ముందు ఎవరూ ఆగి ఛాయాచిత్రములు తీసికోవడము నేను చూడలేదు. గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరును నివారించే టీకా కథలో ఆ ఆసుపత్రికి, క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయమునకు ప్రముఖమైన స్థానము ఉంది.

ఈ క్యాన్సరుకు కారణము హ్యూమన్ పాపిలోమా వైరసు. ఇది ప్రధానముగా లైంగిక సంపర్కము వలన సోకుతుంది. పెక్కుమందికి జీవితములో ఎప్పుడో ఒకప్పుడు సోకి, ఏడాది, రెండేళ్ళలో దానంతట అది పోతుంది. కొందరిలో పోకుండా నిలిచి, 10, 20 ఏళ్ళలో క్యాన్సరుగా పరిణమిస్తుంది. ఈ క్యాన్సరులలో సుమారు 70 శాతమునకు 16, 18 సంఖ్యలు గల రెండు రకముల వైరసులే కారణము. ఈ సంబంధమును నిరూపించిన జర్మను శాస్త్రజ్ఞుడు హెరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి లభించింది. అయితే ఈ వైరసును ప్రయోగశాలలో పెంచడము మిక్కిలి కష్టము. పెంచలేని వైరసుకు టీకా చేయడమెట్లు?

స్కాట్లండులో పుట్టి బ్రిస్బేన్‌లో స్థిరపడిన ఇయాన్ ఫ్రేజర్, చైనా నుండి వచ్చిన జియాన్ ఝౌ 1989లో కేంబ్రిడ్జిలో కలిసికొన్నారు. తరువాత ఝౌ బ్రిస్బేన్ చేరారు. వైరసు పైతొడుగులోని మాంసకృత్తులను వేరుగా తయారుచేస్తే, ఆ అణువులు తమంతట తామే కూడుకొని వైరసు ఆకారమును పొందుతాయని 1991లో వారు చూపించారు. లోపల జన్యుపదార్థము లేదు గనుక అది రోగము కలిగించలేదు. ఆకారము మాత్రము వైరసుదే గనుక శరీరము దానిని గుర్తుపట్టి ప్రతిరక్షకములను తయారుచేసుకొంటుంది. అమెరికాలో కూడా కొన్ని పరిశోధనాగారములు అదే కాలములో ఈ దిశలో కృషి చేశాయి. ఝౌ 1999లో, నలభైల తొలినాళ్ళలోనే కన్నుమూశారు. 2006లో ఆమోదము పొందిన టీకాను ఆయన చూడలేదు. 2007లో ఆస్ట్రేలియా బడి బాలికలకు ఈ టీకాను ఉచితముగా ఇవ్వడము మొదలుపెట్టింది. 2013లో బాలురకు కూడా విస్తరించింది. 2035 నాటికి ఈ క్యాన్సరును లక్ష మంది స్త్రీలలో ఏటా నలుగురి కంటె తక్కువకు తగ్గించాలని ఆ దేశము సంకల్పించింది.

మన దేశములో ఏటా 1,20,000 మందికి పైగా స్త్రీలకు ఈ క్యాన్సరు కొత్తగా బయటపడుతోంది. 75,000 మందికి పైగా మరణిస్తున్నారు. సంఖ్యలు చెప్పినప్పుడు నాకు జ్ఞాపకము వచ్చేది ఒక వరి కూలీ. 42 ఏళ్ళ ఆమె నెలల తరబడి తెల్లబట్ట, రక్తస్రావము ఉన్నా ఎవరికీ చెప్పుకోలేక, కాళ్ళు వాచి మూత్రము తగ్గిన తరువాత నా వద్దకు వచ్చింది. వ్రణము పెరిగి మూత్రనాళములను నొక్కివేసింది. కిరణ చికిత్సకు పట్టణము పంపించాము. నాలుగు నెలలే బ్రతికింది. ఆమె పెద్దకూతురు అప్పుడు ఎనిమిదవ తరగతి. ఈ వ్యాధి తల్లులను పిల్లలు ఎదుగుతున్న వయస్సులో తీసికొని పోతుంది.

మేము అక్కడ ఉన్న రోజులలోనే మా మనుమరాలు బడి నుండి ఒక పత్రము తెచ్చింది. ఏడవ తరగతి పిల్లలకు బడిలోనే ఈ టీకా ఒక మోతాదు ఇస్తారు. ధనుర్వాతము, కంఠసర్పి, కోరింతదగ్గు నిరోధించే టీకా కూడా ఇస్తారు. తల్లి గాని, తండ్రి గాని చదివి సంతకము చేయాలి. ఆ పత్రము వారము రోజులు ఫ్రిజ్జు తలుపుకు అంటుకొనే ఉండిపోయింది.

ఒకనాటి సాయంకాలము కోడలు నా దగ్గఱకు వచ్చి, “మామయ్యగారూ, మా అమ్మ వద్దంటోంది. మీరొకసారి మాట్లాడతారా?” అని ఫోను అందించింది.

మా వియ్యపురాలు ఖమ్మం జిల్లాలో ఉపాధ్యాయినిగా పనిచేసి విరమించినవారు. “అన్నయ్యగారూ, మీరు డాక్టరు గారు, మీకు నేను చెప్పేదేముంది? కాని 2010లో మా జిల్లాలో జరిగినదంతా నేను దగ్గఱ నుండి చూశాను. ఆ టీకా పేరు వింటేనే నాకు భయము,” అన్నారు.

ఆమె భయము నిరాధారము కాదు. 2009లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, గుజరాత్‌లోని వడోదరలో 10 నుండి 14 ఏళ్ళ బాలికలకు ఈ టీకా ఇచ్చే ఒక ప్రయోగాత్మక కార్యక్రమము జరిగింది. ఖమ్మంలో సుమారు 14,000 మంది బాలికలు అందులో ఉన్నారు. వారిలో పెక్కుమంది గిరిజనుల పిల్లలు, వసతిగృహములలో ఉండి చదువుకొనేవారు. ఆ కాలములో రెండు చోట్ల కలిపి ఏడుగురు బాలికలు మరణించారు. ఆందోళన చెలరేగి 2010 ఏప్రిల్‌లో కార్యక్రమము నిలిచిపోయింది. పాముకాటు, నీట మునగడము, పురుగుమందు, జ్వరము వంటి కారణములు తేలాయి. ఆ మరణములకు, టీకాకు సంబంధము కనిపించలేదని విచారణ సంఘము చెప్పింది. కాని అదే విచారణలో మఱొక సంగతి బయటపడింది. పెక్కు అంగీకార పత్రములపై తల్లిదండ్రుల సంతకములు లేవు. వసతిగృహపు వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకములు చేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘము దీనిని తీవ్రముగా విమర్శించింది.

నేను ఆమెతో, “చెల్లెమ్మా, మీరు చూచినది నిజము. అయితే అందులో రెండు ప్రశ్నలు కలిసిపోయాయి. టీకా మంచిదా కాదా అన్నది ఒకటి. ఆ పిల్లల తల్లిదండ్రులను అడిగారా లేదా అన్నది మఱొకటి. రెండవ దానిలో అన్యాయము జరిగింది. ఆ అన్యాయమును చూచి మనము మొదటి దానికి కూడా తీర్పు చెప్పివేశాము,” అన్నాను. ఆమె కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, “అడిగి ఉంటే మావాళ్ళు వద్దనేవారు కాదేమో అన్నయ్యగారూ. ఎవరూ అడగలేదు,” అన్నారు.

ఈ కథకు ఇంకొక మలుపు ఉంది. 2009లోనే మన దేశములో పలుచోట్ల వేఱొక పరిశోధన సాగుతూ ఉండేది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన విభాగము ఆధ్వర్యములో, రెండు మోతాదులు చాలునా, మూడు కావాలా అని తేల్చడానికి 10 నుండి 18 ఏళ్ళ బాలికలకు టీకాలు ఇస్తున్నారు. 2010 ఏప్రిల్‌లో ప్రభుత్వము టీకాలను నిలిపివేయగా ఆ పరిశోధన కూడా నడుమ ఆగిపోయింది. సుమారు 5,000 మంది బాలికలకు ఒక్క మోతాదే అందింది. పరిశోధకులు వారిని విడిచిపెట్టలేదు, పదేళ్ళు గమనిస్తూ వచ్చారు. 16, 18 రకముల వైరసు శరీరములో నిలిచిపోకుండా ఒక్క మోతాదు కూడా సుమారు 95 శాతము రక్షణ ఇచ్చిందని, అది రెండు, మూడు మోతాదులకు తీసిపోలేదని 2021లో ప్రచురించారు. కోస్టారికా, కెన్యా దేశముల పరిశోధనలు కూడా ఈ దిశలోనే ఫలితములు చూపాయి. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క మోతాదు పద్ధతికి అనుమతి తెలిపింది. 2023లో ఆస్ట్రేలియా బడి పిల్లలకు ఒక్క మోతాదే చాలునని నిర్ణయించింది.

అంటే బ్రిస్బేన్‌లో మా మనుమరాలికి రెండవ సూదిపోటు తప్పడములో మన దేశపు ఆడపిల్లల పాలు ఉంది. నాంబూర్ ప్రజల వలె వారూ లోకమునకు ఒక జ్ఞానమును ఇచ్చారు. మా కోడలికి ఈ సంగతి చెప్పినప్పుడు మనుమరాలు కూడా వింటూ ఉంది. “తాతయ్యా, ఆ అక్కలకు ఈ సంగతి తెలుసా?” అని అడిగింది. వారికి ఎవరైనా చెప్పి ఉంటే బాగుండునని మాత్రము అన్నాను.

ఆ రాత్రి కోడలు పత్రమును మొదటి నుండి చివఱి వఱకు చదివింది. అలర్జీల సంగతి, టీకా తరువాత కొందరు పిల్లలు కళ్ళు తిరిగి పడిపోయే సంగతి, అందుకొఱకు పదిహేను నిముషములు కూర్చోపెట్టే సంగతి నన్ను అడిగి తెలిసికొంది. తల్లికి మళ్ళీ ఫోను చేసి చెప్పింది. అప్పుడు సంతకము పెట్టింది.

మన పాఠకులకు నేను చెప్పదలచినది ఇది. ఈ టీకా వైరసు సోకక ముందు, అనగా 9 నుండి 14 ఏళ్ళ మధ్య ఇస్తే ఎక్కువ ప్రయోజనము. పుణె సీరం సంస్థ తయారుచేసిన సెర్వావాక్ అనే టీకాకు 2022లో మన దేశములో ఆమోదము లభించింది. దాని ధర విదేశీ టీకాల కంటె తక్కువ. సిక్కిం రాష్ట్రము 2018లోనే బడి బాలికలకు టీకా ఇచ్చి, తల్లిదండ్రులకు ముందుగా వివరించి చెప్పినందువలన చక్కని ఫలితము సాధించింది. మోతాదుల సంఖ్య వయస్సును బట్టి, రోగనిరోధక శక్తిని బట్టి మారుతుంది గనుక మీ వైద్యుని అడగండి. టీకా క్యాన్సరును ఆపుతుందే గాని వచ్చిన క్యాన్సరును నయము చేయదు. కనుక 30 ఏళ్ళు దాటిన స్త్రీలు, టీకా తీసికొన్నవారైనా సరే, గర్భాశయ ముఖద్వార పరీక్ష చేయించుకోవాలి. ముట్టుల నడుమ గాని, సంపర్కము తరువాత గాని, ముట్లుడిగిన తరువాత గాని రక్తము కనిపిస్తే సిగ్గుపడి దాచుకోకూడదు.

టీకా పత్రము మీ ఇంటికి వచ్చినప్పుడు ఎవరో చెప్పారని సంతకము పెట్టకండి, ఎవరో భయపెట్టారని చింపివేయకండి. పూర్తిగా చదవండి. సందేహములన్నీ అడగండి. మీకు సమాధానము చెప్పడము వైద్యుని విధి. అడిగి తెలిసికొన్న తరువాత ఆలస్యము చేయకండి.